గాపున్‌లో తయాప్: పసిపిల్లల దగ్గర ఆగిపోయిన భాష

పాపువా న్యూ గినీ ఉత్తర తీరాన సెపిక్, రాము అనే రెండు పెద్ద నదులు సముద్రంలో కలుస్తాయి. ఆ రెండు నదుల దిగువ ప్రాంతాల మధ్య, మడ అడవులు దాటి లోపలికి పోతే గాపున్ అనే ఊరొచ్చేది. ఊళ్లో గొడవల వల్ల 2018 నాటికి జనం దాన్ని విడిచి పక్క ఊళ్లకు పోయారు. కొంత దూరం పడవ మీద, మిగతాది బురదలో నడక. ఊరి జనం రెండు వందల ప్రాంతం ఉండేవారు. వాళ్ల భాష తయాప్. ‘తయాప్ మెర్’ అంటారు. మెర్ అంటే మాట, భాష. దాన్ని ధారాళంగా మాట్లాడగలిగేవాళ్లు ఇప్పుడు యాభై మందికి లోపే. వాళ్లలో చిన్నపిల్లలు ఒక్కరూ లేరు.

యాభై అన్న అంకె వినగానే, అంత చిన్న భాష ఎలా బతుకుతుందిలే అనిపిస్తుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. తయాప్ ఎప్పుడూ చిన్న భాషే. ఏ కాలంలోనూ 150 మందికి మించి మాట్లాడి ఉండరని దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త డాన్ కూలిక్ అంచనా. అంతమందితోనే అది తరాల తరబడి నిక్షేపంగా నడిచింది. కాబట్టి ‘మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే పోతోంది’ అన్న వివరణ ఇక్కడ చెల్లదు. ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో మారిందేమిటన్నది చూడాలి.

ముందు ‘పాపువన్’ అన్న మాట సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ద్రావిడ భాషలు అంటే తెలుగు, గోండి, కొలామి, తమిళం అన్నీ ఒక మూలం నుంచి వచ్చినవని అర్థం. పాపువన్ భాషలు అంటే అలాంటి కుటుంబం కాదు. న్యూ గినీలోనూ చుట్టుపక్కల దీవుల్లోనూ ఆస్ట్రోనీషియన్ కుటుంబానికి చెందని భాషలన్నిటినీ కలిపి కట్టిన మూట అది. ఆ మూటలో సుమారు 800 భాషలు, పదుల సంఖ్యలో కుటుంబాలు, ఏ కుటుంబంలోనూ చేరని ఒంటరి భాషలు ఉన్నాయి. తయాప్ అలాంటి ఒంటరిదే. పక్క ఊళ్లలో మాట్లాడే కోపర్, అజోరా భాషలతో దానికి చుట్టరికం తేలలేదు. దీనికి నేల చరిత్రలో ఒక కారణం కనిపిస్తుంది. ఐదారు వేల ఏళ్ల కిందట సముద్రం సెపిక్, రాము లోయల్లోకి చాలా లోపలిదాకా చొచ్చుకొని ఉండేది. గాపున్ పాత ఊరున్న గుట్ట అప్పట్లో దీవి. నీరు వెనక్కి తగ్గి, బురద మేటవేసి, కొత్త జనం దిగాక కూడా ఆ గుట్ట మీది భాష అలాగే మిగిలిందన్నది నమ్మదగ్గ ఊహ.

ఇలాంటి భాష పోతే అక్కచెల్లెళ్ల భాషలను చూసి దాన్ని ఊహించుకోవడం కుదరదు. కొలామిలో ఒక మాట పోతే నాయకీనో గోండినో చూసి కొంత పూరించవచ్చు. తయాప్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇండొనేషియాలోని సుంబావా దీవిలో తంబోరా అగ్నిపర్వతం 1815లో పేలినప్పుడు దాని కింద ఉన్న జనంతో పాటు వాళ్ల భాషా మాయమైంది. అంతకు కాస్త ముందు ఎవరో రాసిపెట్టిన 48 మాటలే ఆ భాషకు మిగిలిన ఆనవాలు. అది పాపువన్ వర్గంలోదని తేలడానికి కూడా ఆ 48 మాటలే ఆధారమయ్యాయి.

తంబోరాది ఒక్కసారిగా వచ్చిన చావు. గాపున్‌లో అలా జరగలేదు. భాష తగ్గుతున్న ఆ దశాబ్దాల్లో ఊరు నిలిచే ఉంది, జనం పెరిగారు కూడా. 1980లలో కూలిక్ మొదటిసారి వెళ్లినప్పుడు ఊళ్లో వంద పైచిలుకు మంది ఉండేవారు. తర్వాత అది దాదాపు రెట్టింపైంది. జనం పెరుగుతూ ఉంటే భాష తగ్గుతూ వచ్చింది.

మొదట పోయింది తయాప్ కాదు

పాత రోజుల్లో గాపున్ వాళ్లకు రెండు మూడు భాషలు రావడం మామూలు. తయాప్ నేర్చుకునే అవసరం పక్క ఊళ్లకు లేదు గనక, వీళ్లే వాళ్ల భాషలు నేర్చుకునేవారు. ముఖ్యంగా మగవాళ్లకు కోపరో అజోరానో వచ్చి ఉండేది. ఇంట్లో తయాప్, బయట ఎవరి భాష వాళ్లకు. ఈ అమరికలో తయాప్‌కు ఏ ముప్పూ లేదు. ఎదుటివాడి భాష రావడం గొప్పే గానీ, అందుకోసం సొంత భాష వదలాల్సిన పని లేదు.

టోక్ పిసిన్ ఈ అమరికలోకి బయటి భాషగానే వచ్చింది. జర్మన్లు 1884 నుంచి పాలించిన కాలంలో కొబ్బరి తోటల్లో పనికి వందల భాషల మనుషులను తెచ్చి ఒకచోట పెట్టారు. వాళ్ల మధ్య పెరిగిన కలగలుపు భాష ఇది. మాటలు ఎక్కువగా ఇంగ్లీషువి, కూర్పు మాత్రం పసిఫిక్ దీవులది. ‘మనం’ అనడానికి ‘యుమి’, ‘మేము’ అనడానికి ‘మిపెలా’ అని రెండు వేరు మాటలున్నాయి దీనికి. ఈ తేడా ఇంగ్లీషువాడికి విడమరిచి చెప్పాలి, తెలుగువాళ్లకు అక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గాపున్ మగవాళ్లు ఇద్దరు న్యూ బ్రిటన్ దీవిలోని కొకొపో వైపు తోటల పనికి పోయి తిరిగొచ్చారు. కత్తులు, గుడ్డలతో పాటు ఈ భాషనూ తెచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో కుర్రవాళ్లు కాంట్రాక్టు మీద తోటలకు పోయి రావడం పరిపాటి అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలకు భయపడి ఊరంతా అడవిలోకి పారిపోయింది, అక్కడ చాలామంది పెద్దలు చనిపోయారు. ఆపైన క్యాథలిక్ మతం వచ్చింది. దాని ప్రార్థనలూ పాటలూ టోక్ పిసిన్‌లో.

మొదటి దెబ్బ పక్కింటి భాషలకు తగిలింది. కోపర్ వాళ్లతో టోక్ పిసిన్‌లోనే మాట్లాడుకోగలిగినప్పుడు కోపర్ నేర్చుకోవడం ఎందుకు? అలా మగవాళ్ల నోట ఉండే రెండో భాష, మూడో భాష ఒక తరంలో జారిపోయాయి. రెండు భాషలు మిగిలాయి: తయాప్, టోక్ పిసిన్. అప్పటికీ ఎవరికీ ప్రమాదం కనిపించలేదు. అయితే బహుభాషల ఊరు ద్విభాషల ఊరుగా మారినప్పుడే ఒక కట్టడి తెగింది. ఇదివరకు ప్రతి భాషకూ ఒక ఊరు, ఒక మనిషి గుర్తు. ఇప్పుడొచ్చిన భాష ఏ ఊరిదీ కాదు, ఎక్కడైనా చెల్లుతుంది, ఇంట్లో కూడా.

తలబిరుసు భాష, తెలివి భాష

ఇక్కడే గాపున్ కథ ఇతర చోట్ల కంటే ఆసక్తికరంగా ఉంటుంది. ఈ ఊరివాళ్ల ఆలోచనలో ప్రతి మనిషిలోనూ రెండు గుణాలుంటాయి. ఒకటి, టోక్ పిసిన్‌లో చెప్పాలంటే, ‘హెద్’: మొండితనం, తన మాటే నెగ్గాలనే పట్టు. తయాప్‌లో దీనికి తల అనే అర్థమున్న ‘కొకిర్’ వాడతారు. రెండోది ‘సావె’: తెలివి, నలుగురితో సర్దుకుపోయే జ్ఞానం, తయాప్‌లో ‘నుంబ్వాన్’. పుట్టిన బిడ్డ నిండా హెద్, పెరిగేకొద్దీ సావె వస్తుందని వాళ్ల నమ్మకం.

ఈ రెంటికీ మెల్లగా ముఖాలు ఏర్పడ్డాయి. హెద్ అంటే ఆడవాళ్లు, పాత రోజులు, తయాప్. సావె అంటే మగవాళ్లు, తోటల పని, చర్చి, డబ్బు, టోక్ పిసిన్. ఆడవాళ్ల ‘క్రోస్’ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఎవరి మీదైనా కోపం వస్తే గాపున్ ఆడమనిషి ఇంటి దగ్గరే నిలబడి ఊరంతా వినబడేలా ఎత్తుకుంటుంది. మన పల్లెల్లో వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టడం చూసినవాళ్లకు ఆ బాణీ కొత్తేమీ కాదు. ఆ తిట్లన్నీ తయాప్‌లో. ఆ భాష సత్తా మొత్తం అక్కడ కనిపించేది. మగవాళ్లు మాత్రం మగవాళ్ల కొట్టంలో కూర్చుని, ఊరంతా ఒక్కటే అన్నట్టు, టోక్ పిసిన్ కలుపుకుంటూ మెత్తగా ప్రసంగించేవారు. ఊరిలో జరిగే ప్రతి గొడవా ‘ఏ భాష దేనికి’ అన్న పాఠాన్ని పిల్లల చెవిలో మళ్లీ మళ్లీ వేసింది.

తయాప్ తక్కువదని ఎవరూ అనలేదు, అది గమనించాలి. పిల్లలకు తయాప్ రావాలని తల్లిదండ్రులందరూ కోరుకున్నారు. నిషేధం లేదు, బడిలో బెత్తం లేదు. భాష చచ్చిపోవడానికి ద్వేషమో అణచివేతో ఉండి తీరాలని అనుకునేవాళ్లకు ఈ ఊరు మింగుడుపడదు.

బిడ్డ ముందు ఏం జరిగింది

1986–87లో కూలిక్ దాదాపు ఏడాది పైన ఆ ఊళ్లో ఉండి, తల్లులు పిల్లలతో మాట్లాడుతుంటే రికార్డు చేశాడు. మొత్తం వ్యవహారం ఆ టేపుల్లో బయటపడింది. అప్పటికి పదేళ్ల లోపు పిల్లల్లో తయాప్‌లో తనంతట తాను మాట్లాడేది ఒక్కరూ లేరు.

వరుస ఇలా నడుస్తుంది. రెండేళ్ల పిల్ల కత్తి పట్టుకుంటుంది. తల్లి తయాప్‌లో వద్దంటుంది. పిల్ల వినదు. తల్లి రెండోసారి చెబుతుంది, ఈసారి టోక్ పిసిన్‌లో: “లూసిమ్ నైప్!” అంటే కత్తి వదులు. పిల్ల వదులుతుంది. పిల్ల కోణంలో చూస్తే మొదటి మాట పట్టించుకోనక్కర్లేనిది. దాని వెనకే అదే అర్థంతో ఇంకో మాట వస్తుంది, పని దానితో. రోజుకు ఇలాంటి సందర్భాలు ఎన్ని ఉంటాయో చిన్నపిల్లలున్న ఇంట్లోవాళ్లే లెక్కపెట్టుకోవచ్చు. తయాప్ వినడం పిల్లకు అలవాటవుతుంది గానీ, తయాప్‌లో బదులు చెప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాదు.

ఇందులో ఆశ్చర్యమేమిటంటే తాము భాష మార్చామని తల్లులకు తెలియదు. అడిగితే, తాము పిల్లలతో తయాప్‌లోనే మాట్లాడతామని, వాళ్లే తలబిరుసుతనంతో నేర్చుకోవడం లేదని చెప్పేవాళ్లు. తప్పు పిల్లలదని పెద్దలు నమ్మారు. హెద్ అన్న భావనే వాళ్లకు ఆ వివరణను అందించింది.

గాపున్‌లో బిడ్డ పలికే మొదటి మాటలుగా పెద్దలు చెప్పేవి మూడు. ‘ఒకి’, అంటే పోతున్నా. ‘మిండా’, అంటే విసుగొచ్చింది. ‘అయాటా’, అంటే ఆపు. ‘అమ్మ’, ‘తాత’ కాదు. నోట్లోంచి వచ్చిన ఏ ధ్వనినైనా పెద్దలు ఈ మూడింట్లో ఒకటిగా వింటారు, మూడూ తయాప్ మాటలే. బిడ్డ మొండిఘటం గనక మొండి భాషే మాట్లాడుతుందని అర్థం చేసుకుంటారు. కాస్త ఊహ తెలిసి, సావె మొలకెత్తుతోందని అనిపించగానే, పెద్దలు ఆ సావె భాషలోకి మారతారు. తయాప్‌ను అలా పాలపళ్ల వయసుకు, కోపానికి కేటాయించేశారు.

ఎంతమందికి వచ్చు: ఎలా లెక్కించాలి

‘నీకు తయాప్ వచ్చా’ అని అడిగి లెక్కకట్టడం వల్ల ప్రయోజనం లేదు. కొందరు గౌరవం కోసం వచ్చు అంటారు. కొందరు బిడియంతో రాదంటారు. కనీసం మూడు విడి లెక్కలు కావాలి: వింటే అర్థమయ్యేవాళ్లు, అడిగితే మాట్లాడగలిగేవాళ్లు, రోజువారీగా మాట్లాడేవాళ్లు. ఈ మూడింటి మధ్య ఎంత దూరం ఉందన్నది మొత్తం సంఖ్య కంటే ఎక్కువ చెబుతుంది.

గాపున్‌లో ఈ దూరం వింతైనది. ఎప్పుడూ టోక్ పిసిన్‌లోనే మాట్లాడే యువతీ యువకులను కూలిక్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తయాప్‌లో ఒక కథ చెప్పమన్నాడు. చాలామంది చెప్పారు. కొందరు చెప్పిన తీరు పెద్దలకే నమ్మశక్యం కాలేదు. వాళ్లకు వ్యాకరణం వచ్చు, మాటలూ వచ్చు, వాడకం మాత్రం లేదు. తప్పు మాట్లాడితే పెద్దవాళ్లు వెక్కిరిస్తారన్న సిగ్గు ఒకటి, తోటివాళ్లెవరూ మాట్లాడరన్నది మరొకటి. వీళ్లను కూలిక్ మాట్లాడగల మౌనభాషులుగా వేరు వరుసలో పెట్టాడు. జనాభా లెక్కల పత్రంలో ఆ వరుసకు గడి లేదు.

ప్రపంచ భాషల జాబితా అయిన ఎథ్నోలాగ్ వాడే కొలబద్దలో 7వ మెట్టు అంటే పిల్లలు కనే వయసువాళ్లకు భాష వచ్చు గానీ పిల్లలకు అందడం లేదు. 8ఎ అంటే తాతల తరం మాత్రమే మాట్లాడుతోంది. 8బి అంటే ఆ తాతలకు కూడా మాట్లాడుకునే అవకాశం పెద్దగా లేదు, దాన్నే ‘దాదాపు అంతరించినది’ అంటారు. ఈ కొలబద్దకు ఉన్న లోపం ఏమిటంటే, భాష 7లో ఉన్నప్పుడు బయటివాళ్లకు అది నిండుగా కనిపిస్తుంది. ఊరంతా తయాప్ వినిపిస్తుంది, ముసలివాళ్లు, నడివయసువాళ్లు మాట్లాడుతుంటారు. ఆందోళన పడేవాళ్లెవరూ ఉండరు. 8బి దగ్గరికి వచ్చాక అందరూ పరుగెత్తుకొస్తారు, అప్పటికి చేయగలిగింది రికార్డు చేయడమే.

పట్టి ఉంచే పని: ఎక్కడ చెడుతుంది

తయాప్‌ను బయటివాళ్లు మొదట రాసుకున్నది 1937లో. గేయోర్గ్ హోల్ట్‌కర్ అనే జర్మన్ మిషనరీ కొన్ని గంటలు ఊళ్లో ఆగి 125 మాటలు రాసుకున్నాడు. ఆ తర్వాత 1980ల దాకా లోతైన పని జరగలేదు. కూలిక్, భాషాశాస్త్రవేత్త ఏంజెలా టెరిల్ కలిసి రాసిన వ్యాకరణం, నిఘంటువు 2019లో వచ్చాయి. మధ్యలో 82 ఏళ్లు.

ఇలాంటి పని చేసేవాళ్లకు పనిముట్ల సమస్య చిన్నది. ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయాలి, ఎంపీ3గా కాదు. కుదించిన ఫైలులో మెత్తటి హల్లుల తేడాలు పోతాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’ పలికినప్పుడల్లా గాలి కొట్టుకుంటుంది. వాన మొదలైతే ఆకు కప్పు కింద ఏదీ పనికిరాదు. సూర్యాస్తమయం వేళ కీచురాళ్లు మాట్లాడేవాళ్లను మింగేస్తాయి. తేమకు యంత్రాలు చెడతాయి గనక సిలికా జెల్ వేసిన గట్టి డబ్బా, కరెంటు లేదు గనక సౌర ఫలకం తప్పనిసరి. ప్రతి రికార్డు మొదట్లోనే తేదీ, మాట్లాడేవాళ్ల వయసు, వాళ్ల తల్లిదండ్రుల ఊళ్లు గొంతుతోనే చెప్పించాలి. కాగితం పోతుంది, ఫైలు పేరు మారుతుంది. నకళ్లు మూడు, వాటిలో ఒకటి ఆస్ట్రేలియాలో 2003 నుంచి నడుస్తున్న ప్యారడిసెక్ లాంటి భాండాగారంలో ఉండాలి. ఊరి మగవాళ్ల రహస్య కథలు లాంటివి ఎవరు వినవచ్చో ముందే అడిగి రాసుకోవాలి.

అసలు ఇబ్బంది అడిగే పద్ధతిలో ఉంది. ప్రశ్నలు టోక్ పిసిన్‌లో అడుగుతారు, జవాబులు టోక్ పిసిన్ అచ్చులో పోసినట్టు వస్తాయి. టోక్ పిసిన్‌లో ‘హాన్’ అంటే వేళ్ల నుంచి భుజం దాకా మొత్తం. ‘లెక్’ అంటే పాదం నుంచి తొడ దాకా. ‘హాన్‌ను ఏమంటారు’ అని అడిగితే ఒకరు అరచేతికి పేరు చెబుతారు, ఇంకొకరు భుజానికి. రెండు మాటలూ పర్యాయపదాలని నిఘంటువులోకి ఎక్కుతాయి. తెలుగులో కూడా చెయ్యి, కాలు అంతే గనక తెలుగువాడు అడిగితే ఈ ఉచ్చు కంటికి కనిపించనే కనిపించదు. అందుకే అడగడం కాదు, వేలుపెట్టి చూపించాలి.

లింగం సంగతి ఇంకా చిక్కు. తయాప్‌లో పుంలింగం, స్త్రీలింగం అని రెండు. మనుషులకు, పెద్ద జంతువులకు ఆడ మగలను బట్టి. వస్తువులకు ఆకారాన్ని బట్టి: పొడుగ్గా, సన్నగా ఉంటే పుంలింగం, పొట్టిగా, గుండ్రంగా ఉంటే స్త్రీలింగం. నామవాచకం మీద ఏ గుర్తూ ఉండదు, క్రియ మీద తెలుస్తుంది. తెలుగులోనైతే ఆమె వచ్చింది, కుండ వచ్చింది అని రెంటికీ ఒకే క్రియ. టోక్ పిసిన్‌లో అతను, ఆమె, అది మూడింటికీ ‘ఎమ్’ ఒక్కటే. మాటల పట్టికతో సరిపెట్టుకున్నవాళ్లకు తయాప్‌లో లింగం ఉందన్న సంగతే తెలియదు. ఒక్కో వస్తువుతో పూర్తి వాక్యం చెప్పించాలి, అదే వస్తువును నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి చూపించి అడగాలి.

చెట్ల పేర్లు ఇంట్లో కూర్చుని అడిగితే రావు. యువతరానికి సగం చెట్లు ‘దివాయ్’ మాత్రమే. టోక్ పిసిన్‌లో చెట్టూ అదే, కట్టే అదే. పెద్దవాళ్లతో అడవిలోకి నడిచి, ఆకు తుంచి, వాసన చూపించి, దేనికి పనికొస్తుందో అడిగితే పేరు వెనకాలే వస్తుంది. సాగో చెట్టును కొట్టడం, బెరడు విప్పడం, దవ్వ దంచడం, నీళ్లు పోసి పిసికి పిండి తీయడం, ప్రతి మెట్టుకూ మాటలున్నాయి. పని చేస్తుండగా తీసిన గంట రికార్డు, కూర్చోబెట్టి అడిగిన పది గంటలకు సమానం.

ఆ గంటను రాసి, విడగొట్టి, అర్థం కట్టడానికి 40–50 గంటలు పడుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు వేసుకునే లెక్క. పక్కన భాష బాగా తెలిసిన మనిషి లేకపోతే అది కూడా సాగదు. చేతిలో వంద గంటల టేపులుండి, అర్థం చెప్పే ముసలివాళ్లు పోయిన భాషలున్నాయి. అందుకని తెలిసినవాళ్లు కొత్త రికార్డులు ఆపి, ఉన్నవాటిని రాయించడం మీద పడతారు. ధనసాయం ఇచ్చేవాళ్లకు మాత్రం కొత్త రికార్డుల గంటలే ముద్దు.

బడిలో నేర్పవచ్చు కదా అన్నది తరచూ వినిపించే మాట. పాపువా న్యూ గినీలో 1990లలో చిన్న తరగతులు ఊరి భాషల్లో నడపాలని సంస్కరణ తెచ్చారు, 2010లలో మళ్లీ ఇంగ్లీషు వైపు తిరిగారు. 800కు పైగా భాషలున్న దేశంలో రెండు వందల మంది ఊరికి పుస్తకం, పంతులు సమకూర్చడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. సమకూరినా, గాపున్ పిల్లలకు లోపించింది పాఠం కాదు. వాళ్లు తయాప్ వింటూనే పెరిగారు. ఆ భాషలో బదులిస్తే గానీ అన్నం దొరకని ఒక్క పూట వాళ్ల బాల్యంలో లేదు.

కూలిక్ అడిగితే తయాప్‌లో కథలు చెప్పిన ఆ కుర్రవాళ్ల రికార్డులు వింటే భాష ఎక్కడ సన్నబడిందో చెవికే తెలుస్తుంది. అడవికి పోయాం, పందిని చూశాం, పరుగెత్తాం, ఇంటికొచ్చాం అని చిన్న చిన్న వాక్యాలు గబగబా వస్తాయి. కర్తకూ కర్మకూ వేరే ప్రత్యయాలు పడే క్రియ ఎదురైన చోట గొంతు ఆగుతుంది. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంలో ఇమడ్చాల్సిన చోట దాన్ని రెండు ముక్కలుగా విరిచేస్తారు. లింగం తడబడుతుంది. పక్కన కూర్చున్న పెద్దాయన మాట అందిస్తే అందుకుని సాగుతారు. అందించకపోతే అక్కడ ఒక టోక్ పిసిన్ క్రియ వచ్చి కూర్చుంటుంది, కథ ముందుకు పోతుంది.